ఉక్కపోత ఊళ్లలో జాజ్ రికార్డులు: ఎంచడం, కొనడం, కడగడం, దాచడం, వినడం

జాజ్ రికార్డులు పోగేద్దామనుకునేవాళ్లలో ఎక్కువమంది తలకిందులుగా మొదలుపెడతారు. ముందు రికార్డు కొంటారు, తరవాత దాన్ని పాడించే మిషను వెతుకుతారు, ఆఖర్న ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ వరస నడవదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా విడిచి విడిచి పట్టే ముసురు, తీరం వెంబడి ఉప్పు గాలి, చాలా చోట్ల బోరులో ఉప్పు నీళ్లు. వీటిలో ఒక్కటీ రికార్డుకు పడదు. కాబట్టి ముందు చెవి, తరవాత చోటు, ఆ తరవాత మిషను. రికార్డు కొనడం నాలుగో పని.

ఏ కాలం మీదో తేల్చుకోండి

మొదటి జాజ్ రికార్డు 1917లో వచ్చింది. అక్కణ్నుంచి ఇప్పటిదాకా వచ్చినదంతా పోగేయడం ఎవరి తరమూ కాదు. ఒక కాలాన్ని పట్టుకోండి. 1925కు ముందు రికార్డింగులు దాదాపు అన్నీ కొమ్ములోకి వాయించి తీసినవి, మైకు లేదు. 1923లో కింగ్ ఆలివర్ బృందం జెన్నెట్ కంపెనీకి ఇచ్చిన రికార్డులు చరిత్రలో ఎంత గొప్పవైనా, వాటిలో డ్రమ్ములు సరిగా వినిపించవు. కొత్త చెవికి అవి కష్టం. 1925లో పెద్ద కంపెనీల్లోకి మైకు వచ్చింది. అదే ఏడాది చివర్లో ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'హాట్ ఫైవ్' బృందం రికార్డులు షికాగోలో మొదలయ్యాయి. 1948లో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే (పక్కకు ఇరవై నిమిషాలు పట్టే వినైల్ రికార్డు) తెచ్చేదాకా ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలే. అంతకుమించి వాయించాలంటే ప్లేటు తిప్పాల్సిందే.

మొదలుపెట్టేవాళ్లకు 1955 నుంచి 1965 దాకా వచ్చిన లాంగ్ ప్లేలు మేలు. రికార్డింగు బాగుంటుంది, ఇప్పటికీ కొత్తగా అచ్చవుతున్నాయి, మామూలు సూదితో వినొచ్చు. 78 ప్లేట్ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు) సంగతి రెండో ఏడాది చూసుకోవచ్చు.

కొనేముందు ఊరికే వినండి. 1920ల, 30ల జాజ్ 78లు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో వేల సంఖ్యలో ఉన్నాయి. ఒక వాద్యగాణ్ని పట్టుకుని నెల రోజులు అతనివే వినండి. నెలయ్యాక కూడా మళ్లీ వినాలనిపించిన ఆల్బమ్ పేరు మాత్రం కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లేకుండా అంగడికి వెళ్తే చవగ్గా దొరికిందల్లా మోసుకొస్తారు.

చోటు

వినైల్ రికార్డు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండాకాలంలో గదిలో 40 డిగ్రీలున్నా నిలువుగా పెట్టిన రికార్డుకు ఏమీ కాదు. ప్రమాదమంతా మూసిన కారు, డాబా మీది రేకుల గది, మధ్యాహ్నం ఎండ తగిలే పడమటి గోడ. చెన్నైలో కొని కారు వెనక అద్దం కింద పెట్టి, దారిలో టిఫిన్‌కు ఆగితే చాలు, అరగంటలో అప్పడంలా వంగిపోతుంది.

ఇంట్లో తూర్పు లేదా ఉత్తరం గోడ ఎంచుకోండి. అర గోడకు నాలుగు వేళ్ల ఎడంగా ఉండాలి, లేకపోతే ముసురు రోజుల్లో గోడలోని చెమ్మ నేరుగా అట్టలకు ఎక్కుతుంది. కింది అర నేల నుంచి అర అడుగు పైన ఉండాలి, తడిగుడ్డ పెట్టినా, తుపానుకు గుమ్మంలోకి నీళ్లొచ్చినా తగలదు. లాంగ్ ప్లే అట్ట సుమారు 31.5 సెంటీమీటర్లు, అర లోపలి ఎత్తూ లోతూ 33 ఉంటే సరి. వంద రికార్డులు 25 నుంచి 30 కిలోల బరువు. సన్న చెక్క అయితే ఏడాదిలో నడుము వంగుతుంది. చెదలున్న ఇళ్లలో చెక్క ఊసే వద్దు, నట్లు బిగించే ఇనుప యాంగిల్ ర్యాక్ కొనుక్కుని అంచులకు ఫెల్టు అంటించండి.

రికార్డులు నిటారుగా నిలబడాలి. ఒకదాని మీద ఒకటి పేర్చితే బరువుకు కిందివి వంగుతాయి, అట్టల మీద గుండ్రటి మచ్చ పడుతుంది. సగం ఖాళీ అరలో వాలిపోయినా ఇదే తంతు. అలాగని వేలు దూరనంత బిగించి కుక్కకండి, తీసేటప్పుడు అట్ట అంచులు చిరుగుతాయి.

సిలికా జెల్ పొట్లాలు తెరిచిన ర్యాక్‌లో పెట్టడం శుద్ధ దండగ. ఊళ్లో తేమంతా పీల్చడం దానివల్ల కాదు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో అయితే పని చేస్తుంది. ఆరెంజ్ రంగు గుళికలు కొనండి, తేమ పట్టాక రంగు మారుతుంది. అప్పుడు వంటకు వాడని మూకుడులో సన్నసెగ మీద వేయించి మళ్లీ వాడుకోవచ్చు. కలరా ఉండలు వద్దు, ఆ వాసన అట్టకు పట్టిందంటే ఏళ్ల తరబడి వదలదు. పైకవర్లు పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టిన రికార్డు మీద కొన్నేళ్లకు తుడిచినా పోని మబ్బు పొర ఏర్పడుతుంది.

నెలకోసారి అరకు పది రికార్డుల చొప్పున బయటికి తీసి, ఫ్యాను గాలికి ఓ గంట ఉంచి చూడండి. అట్ట మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే బూజు. దాన్ని వెంటనే వేరు చేసి, పొడిగుడ్డతో ఆరుబయట తుడవండి. గదిలో దులిపితే మిగతా వాటికి అంటుకుంటుంది.

మిషను

మన జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇది ముందే చెప్పాలి: అక్కణ్నుంచి పాత టర్న్‌టేబుల్ తెప్పించుకోకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది గానీ హెర్ట్జ్ మారదు. పాత ఏసీ మోటారు వేగం హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. మన 50 హెర్ట్జ్‌కు అది ఆరింట ఐదు వంతులే తిరుగుతుంది, అంటే నిమిషానికి 33⅓ బదులు 27.8. ట్రంపెట్ ఒకటిన్నర మెట్టు దిగి ఏడుస్తుంది. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది, లేకపోతే వదిలేయండి. డీసీ అడాప్టరుతో నడిచే కొత్త మిషన్లకు ఈ బాధ లేదు. అడాప్టరు మీద 100–240 అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

పాత హెచ్ఎంవీ పెట్టె ప్లేయర్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మంచి రికార్డుకు మాత్రం శత్రువులు. ఐదారు గ్రాముల బరువు గాడి మీద మోపుతాయి. వాటిలో క్రిస్టల్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే ముక్క) ఉంటే అందులోని రోషెల్ లవణం తేమకే కరుగుతుంది, 55 డిగ్రీల వేడికి పాడవుతుంది. తీరప్రాంతంలో అలాంటిది బతికి ఉండటమే అరుదు. ఈ రోజుల్లో సూట్‌కేసు ఆకారంలో అమ్మే చవక ప్లేయర్లూ అదే కోవ.

మీకు కావలసింది బరువు సరిచేసుకునే వీలున్న చెయ్యి (సూదిని మోసే కడ్డీ), మార్చుకోగల మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్. ఇలా బిగించండి.

మేస్త్రీల రసమట్టం ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మీద రెండు దిక్కులా పెట్టి మట్టం చూడండి. సూది మీద బరువు సున్నా అయ్యేలా వెనక గుండు తిప్పండి, చెయ్యి గాల్లో తేలాలి. అక్కడ అంకె సున్నాకు తెచ్చి, కార్ట్రిడ్జ్ కాగితంలో చెప్పిన బరువు పెట్టండి. ఎక్కువ వాటికి 1.8 నుంచి 2.2 గ్రాముల మధ్య ఉంటుంది. బరువు తగ్గిస్తే రికార్డు అరగదనుకోవడం పొరపాటు. తక్కువ బరువుతో సూది గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ దెబ్బ తీస్తుంది. నగల తూకానికి అమ్మే చిన్న డిజిటల్ త్రాసు మీద సూది దించి సరిచూసుకోండి.

వేగం చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి లెక్కపెట్టండి. 33⅓ అంటే సరిగ్గా మూడు నిమిషాలకు వంద చుట్లు.

టర్న్‌టేబుల్‌లోంచి వచ్చే సిగ్నలు కొన్ని మిల్లీవోల్టులే. నేరుగా హోమ్ థియేటరు ఆక్స్‌లో గుచ్చితే సన్నగా, బేస్ లేకుండా వినబడుతుంది. మధ్యలో ఆ సిగ్నలును పెంచే ఫోనో ప్రీయాంప్ ఉండాలి. 'మ్మ్' అని రొద వస్తుంటే చెయ్యి నుంచి వచ్చే సన్న ఎర్తు తీగ యాంప్‌కు బిగించారా, గోడ ప్లగ్గులో ఎర్తు నిజంగా ఉందా చూడండి. పాత ఇళ్లలో మూడో పిన్ను అలంకారానికే ఉంటుంది.

డైమండ్ సూది 500 నుంచి 1000 గంటలు వస్తుంది. తేదీ రాసిపెట్టుకోండి. అరిగిన సూది వినడానికి మొదట్లో బానే ఉంటుంది, గాడిని కోస్తూ పోతుంది.

ఎక్కడ వెతకాలి

జాజ్ ఆశించి నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో అంగళ్లు తిరగనక్కర్లేదు. వెతకాల్సింది ఇళ్లలో. బిట్రగుంట లోకో షెడ్డు నడిచిన కాలంలో అక్కడ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి, వాళ్లకు డాన్సు సంగీతం మీద మోజు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరుకు 1840లోనే వచ్చింది, తరవాత ఒంగోలులో పెద్దదైంది. ఇలాంటి పాత కాలనీల్లో, మిషన్ ఆవరణల్లో ఉన్న ఇళ్లు ఖాళీ చేసే పాత సామాన్ల వాళ్లతో పరిచయం పెట్టుకోండి. వాళ్లకు 'పాత ఇంగ్లీషు ప్లేట్లు' అని చెప్తే అర్థమవుతుంది. ప్లేట్లు మాత్రం తూకానికి అడగొద్దు. తూకానికంటే గోనెసంచిలో విసిరేస్తారు, సగం పగిలి వస్తాయి.

ఆ తరవాత చెన్నై. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక ఆ వ్యాపారులు సెంట్రల్ స్టేషన్ పక్కనున్న లిల్లీ పాండ్ కాంప్లెక్సులోకి చేరారు. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. దూరం వెళ్లగలిగితే కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ముంబై చోర్ బజార్. ఈ రెండు ఊళ్లలో ఒకప్పుడు జాజ్ హోటళ్లలో రోజూ మోగింది కాబట్టి ప్లేట్లూ అక్కడే మిగిలాయి. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే అమెరికన్ పియానో వాద్యకారుడు కలకత్తాలోనే ఉండి, 1945లో అక్కడే పోయాడు. అతను ఇక్కడ కొలంబియాకు ఇచ్చిన 78లు, గోవా ట్రంపెట్ వాద్యకారుడు చిక్ చాకొలేట్ రికార్డులు కనిపిస్తే రెండో ఆలోచన వద్దు. అవి ఈ దేశంలోనే దొరుకుతాయి.

కలకత్తా దగ్గరి హెచ్ఎంవీ డమ్‌డమ్ ఫ్యాక్టరీలో, తరవాత సీబీఎస్ ఇండియా తరఫున అచ్చయిన లాంగ్ ప్లేలను చిన్నచూపు చూడకండి. అట్ట పల్చగా ఉండొచ్చు, ధర విదేశీ ముద్రణలో చిన్న భాగం. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు డిస్కాగ్స్ అనే రికార్డుల సైటులో అమ్మేవాడు అడిగిన ధర చూడొద్దు, ఇంతకుముందు అమ్ముడైన ధరల్లో మధ్యస్థం చూడండి. రికార్డును అట్టలోంచి బయటికి తీసి, పక్కనే పెట్టి, రెండు వైపులా గట్టి కార్డుబోర్డుతో ప్యాక్ చేయమని ముందే రాయండి. లోపలే ఉంటే పార్సిలు కిందపడ్డప్పుడు డిస్కు అంచు అట్టను చీల్చుకుని వస్తుంది. మే నెలలో అసలు తెప్పించొద్దు.

చూసి కొనడం

అట్ట చూసి మురిసిపోకుండా డిస్కు తీయమనండి. అంచును, లేబుల్‌ను మాత్రమే పట్టుకుని వెలుతురుకు ఏటవాలుగా తిప్పండి. కంటికి కనిపించే గీతలన్నీ వినిపించవు. గోటితో మెల్లగా తాకితే తగిలే గీత తప్పకుండా టక్కుమంటుంది. గీతలే లేకుండా గాళ్లు బూడిద రంగు తిరిగితే అది ఇంకా చెడ్డది. బరువైన సూదితో అరగ్గొట్టారని అర్థం, కడిగినా బాగుపడదు. కంటి ఎత్తుకు తెచ్చి అంచు చూస్తే వంపు తెలుస్తుంది. అమ్మేవాళ్ల భాషలో 'వీజీ' అంటే చాలా బాగుందని అర్థం కాదు, గరగర ఉందని. 'వీజీ ప్లస్' నుంచి పైవే కొనండి.

లేబుల్‌కూ ఆఖరి గాడికీ మధ్య నున్నటి చోట చెక్కిన అక్షరాలు చదవడం నేర్చుకోండి. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ రికార్డుల్లో రికార్డింగు ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ కోసినవైతే అక్కడ 'ఆర్‌వీజీ' లేదా 'వాన్ గెల్డర్' ఉంటుంది. చెవి ఆకారంలా కనిపించే చిన్న గుర్తు కూడా ఉంటే 1966కు ముందు ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో అచ్చయింది. అలాంటిది చవగ్గా దొరికితే అదృష్టం, దాని కోసం అప్పు చేయడం తెలివితక్కువ. ఇప్పటి మంచి పునర్ముద్రణలు గరగర లేకుండా, అంతకన్నా బాగా వినబడతాయి.

ఒక్కదానికి మాత్రం దూరంగా ఉండండి: అట్ట మీద 'ఎలక్ట్రానికలీ రీచానెల్డ్ ఫర్ స్టీరియో' అని ఉన్నవి. 1960లలో పాత మోనో రికార్డింగులకు ఒక పక్క బేస్, ఒక పక్క ట్రెబుల్ పంచి, ప్రతిధ్వని కలిపి స్టీరియో అని అమ్మారు. ఆర్మ్‌స్ట్రాంగ్ బావిలోంచి వాయిస్తున్నట్టుంటుంది.

కడగడం

కొన్న ప్రతి రికార్డూ, కొత్తదైనా, కడిగాకే మిషను ఎక్కాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దే వద్దు. ఆరాక ఉప్పు గాడిలో మిగిలి టపటపమంటుంది. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. బ్యాటరీ నీళ్లు వాడితే సీసా మీద డిస్టిల్డ్ అనో డీమినరలైజ్డ్ అనో రాసి ఉండాలి.

1. లీటరు నీళ్లకు 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగూ వాసనా లేని గిన్నెల సబ్బు రెండు చుక్కలు. అంతకుమించితే నురగ గాడిలోనే ఉండిపోతుంది.
2. లేబుల్‌కు నీళ్లు తగలకుండా గుండ్రటి ప్లాస్టిక్ మూత అడ్డుపెట్టండి.
3. మెత్తటి వెడల్పు బ్రష్షుతో గాడి వెంబడే, గుండ్రంగా, మూడు నాలుగు చుట్లు. అడ్డంగా తోమితే గీతలు మీరే పెట్టినట్టు.
4. ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో రెండుసార్లు కడగండి. అందరూ ఎగ్గొట్టే పని ఇదే, తరవాత సూదికి జిగురు పట్టిందని అంటారు.
5. మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఫ్యాను వేయొద్దు, దుమ్మంతా తడి గాడిలో అంటుకుంటుంది. ముసురు రోజుల్లో రాత్రంతా పట్టొచ్చు.
6. పాత కాగితపు లోకవరు పారేసి కొత్తది వేయండి. పాతదాంట్లో పెడితే కడిగిన పనంతా బూడిదలో పోసినట్టే.

78 ప్లేట్ల కథ వేరే. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరుగుతాయి. వాటికి నీళ్లు, రెండు చుక్కల సబ్బు మాత్రమే, అదీ నిమిషంలో ముగించి తుడిచేయాలి. ముందే సన్న పగులు ఉన్నదాన్ని అసలు తడపొద్దు. లాంగ్ ప్లే సూది 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78 గాడికి 3 మిల్ సూది కావాలి. సన్న సూది పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతూ గరగరనే వినిపిస్తుంది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను మీదైతే ఉక్కు సూది ఒక పక్కకు ఒకటి, తరవాత పారేయాలి. డబ్బాకు 200 వచ్చేవి అందుకే. ఆ గ్రామఫోను మీద లాంగ్ ప్లే ఒక్కసారి పెట్టినా అది చెత్తబుట్టకే.

వినడం

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు జాజ్ వినడంలో సగం పని ముందే అయిపోయింది. తాళం వేయండి. పన్నెండు బార్ల బ్లూస్ అంటే బారుకు నాలుగు చొప్పున 48 దెబ్బలు, ఆరు ఆది తాళ ఆవర్తనాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్ 28న రికార్డు చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' పెట్టుకోండి. మొదట తాళం లేకుండా ఒంటరి ట్రంపెట్, ఆలాపనలాగే. అది ముగిశాక చెయ్యి మొదలుపెట్టి ఆరేసి ఆవర్తనాలు లెక్కించండి. ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్‌తో కలిసి అర్థం లేని అక్షరాల గానం, ఎర్ల్ హైన్స్ పియానో, మళ్లీ ట్రంపెట్. చివరి సారి ఒకే స్వరాన్ని ఎన్ని దెబ్బలు నిలబెట్టాడో లెక్కపెట్టండి.

తరవాత ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి పాట 'సో వాట్'. ముప్పైరెండు బార్లు, పదహారు ఆవర్తనాలు. మొదటి ఎనిమిదీ ఖరహరప్రియ స్వరాలే, రెండు శ్రుతిలో. తరవాతి నాలుగు ఆవర్తనాలు షడ్జాన్ని అర మెట్టు పైకి జరుపుతారు. చివరి నాలుగూ మళ్లీ మొదటి చోటికి. గమకాలుండవు కాబట్టి రాగం పోలిక అక్కడితో ఆపేయండి. ఆ అర మెట్టు మార్పు వినగానే పట్టుకోగలిగితే మైల్స్, సాక్సోఫోను వాయించిన కోల్‌ట్రేన్, ఆడర్లీ ఒకే చట్రంలో ఎంత వేరుగా నడిచారో తెలుస్తుంది. డేవ్ బ్రూబెక్ బృందం 'టేక్ ఫైవ్' ఖండచాపులా ఐదే, కాకపోతే మన 2+3 తిరగేసి 3+2.

'సో వాట్' పెట్టి శ్రుతి పెట్టెతో సరిచూస్తే మీ పాత లాంగ్ ప్లే రెండు శ్రుతి కన్నా కాస్త ఎక్కువ పలకొచ్చు. మోటారు విప్పకండి. ఆ రోజు రికార్డు చేసిన టేపు మిషను నెమ్మదిగా తిరిగింది, దాంతో మొదటి పక్క మూడు పాటలూ హెచ్చు శ్రుతిలో అచ్చయ్యాయి. 1992లో సరైన వేగంతో తీసిన రెండో టేపు నుంచి సరిదిద్దారు. రెండో పక్క తిప్పి చూడండి, అది సరిగా ఉంటే మీ మిషను వేగం బాగానే ఉంది.

వినేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపండి, లేదా ప్లేయరును ఫ్యాను కింద నుంచి పక్కకు జరపండి. ఒక పక్క ఇరవై నిమిషాలే, చెమట పట్టినా ఓర్చుకోవచ్చు. అయిపోగానే సూది మీది దుమ్మును మెత్తటి బ్రష్షుతో వెనక నుంచి ముందుకు ఒక్కసారి తీసి, రికార్డును లోకవరులో పెట్టి, దాని నోరు పైకి వచ్చేలా అట్టలోకి తోయండి. దుమ్ము దూరదు, అట్ట వంచినా డిస్కు జారిపడదు.